వరి కంకుల మీద నిలబడ్డ పిల్లలు

మిర్చి కొనడానికి చైనా నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా గుంటూరు దాటి లోపలికి రారు. యార్డు తిరుగుతారు, కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీలనే మిర్చి బస్తాలు విప్పించి కాయ చూస్తారు, మా ల్యాబులో కారం, రంగు పరీక్షలు చేయించుకుంటారు, మర్నాడు గన్నవరం వెళ్లి విమానం ఎక్కుతారు. ఆ ల్యాబులో పనిచేసే నాకు వాళ్ల వెంట ఉండి ఇంగ్లీషులో సమాధానాలు చెప్పడం అలవాటే. మొన్న ఫిబ్రవరిలో వచ్చిన లిన్ గారు మాత్రం అందరిలా వెళ్లిపోలేదు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. వాళ్లది చైనా నడిమధ్య ఉన్న హెనాన్ అనే రాష్ట్రం. మసాలాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి సరుకు ఎంచి పంపడం ఆమె ఉద్యోగం. రెండో రోజు సాయంత్రం తేజ రకం మిరపకాయ ఒకటి తుంచి వాసన చూస్తూ, "ఇది పండిన నేల చూపిస్తారా?" అని అడిగారు. కారు మాట్లాడతానంటే వద్దన్నారు. "కంపెనీ కారులో వెళితే మీరు చూపించాలనుకున్నదే నాకు కనిపిస్తుంది. బస్సులో వెళదాం. తిరిగి రైల్లో వద్దాం."

మాది నరసరావుపేట. అక్కడ మా నాన్న పెట్టిన కిరాణా కొట్టు ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ఆ రాత్రికి లిన్ గారిని మా ఇంటికే తీసుకువెళ్లాను. మాకు ఏటా సరుకు వేసే రైతు శ్రీనుకు ఫోన్ చేశాను. రెంటచింతల దాటాక లోపలికి వెళితే వాళ్ల ఊరు. "తప్పకుండా తీసుకురా అక్కా. చైనా మనిషి వస్తందంటే మా నాయన ఇయ్యాల నిద్రపోడు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఉదయం ఏడున్నరకు బస్టాండులో ఇడ్లీ తిని మాచర్ల బస్సు ఎక్కాం. పిడుగురాళ్ల, గురజాల మీదుగా వెళ్లే బస్సులు పొద్దుటి పూట తరచుగానే ఉంటాయి, కానీ కిటికీ పక్క సీటు కావాలంటే కాస్త ముందుగా రావాలి. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, నేను ఆధార్ చూపించాను. కండక్టర్ లిన్ గారి వైపు తిరిగి, "ఈమె ఆధార్?" అన్నాడు.

"చైనా నుంచి వచ్చారండీ."

"అయితే టికెట్టు తీసుకోవాల్సిందే. మా ఆడోళ్లకే ఫ్రీ" అని చింపి ఇచ్చాడు. నేను అర్థం చెప్పగానే లిన్ గారు ఆ టికెట్టును భద్రంగా పర్సులో దాచుకున్నారు.

ముందు సీట్లలో మిర్చి కోతకు వెళుతున్న ఆడకూలీలు ఉన్నారు. ఒకామె వెనక్కి తిరిగి చాలాసేపు చూసి, "ఏ దేశమమ్మా? నేపాలా?" అని అడిగింది. చైనా అన్నాను. "కరోనా వచ్చిన దేశమా!" అని చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్నామె ఆమెను మోచేత్తో పొడిచి, "ఊరుకోవే, ఆమేం తెచ్చిందా ఏంది" అన్నది. కరోనా అన్న మాట లిన్ గారికి అర్థమైంది. "మా అత్త కూడా అప్పుడే పోయింది. చివరిచూపుకు కూడా వెళ్లనివ్వలేదు" అన్నారు. అది నేను తెలుగులో చెప్పాక, మొదటి ఆమె మూతి మీంచి చెంగు తీసేసి, సంచిలోంచి రెండు రేగుపండ్లు తీసి ఆమె చేతిలో పెట్టింది.

నకరికల్లు దాటాక ఒక ఊరి మొగదలలో ఎర్ర రంగు వేసిన స్తూపం కనిపించింది. పైన సుత్తీ కొడవలి, కింద పేర్లు. రంగు వెలిసిపోయింది, దాని మెట్ల మీద ఎవరో పత్తి బస్తాలు పెట్టారు. లిన్ గారు మెడ తిప్పి తిప్పి చూశారు.

"అది ఏ ఆఫీసు?"

"ఆఫీసు కాదు. చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టింది."

"మా ఊళ్లో ఆ గుర్తు ఆఫీసుల మీద ఉంటుంది" అన్నారు. "ఎలా చనిపోయారు?"

నాకు తెలిసింది తక్కువ. చిన్నప్పుడు ఎర్రజెండాల ఊరేగింపు వస్తుంటే మా నాన్న కొట్టు షట్టరు సగం కిందికి దించేవాడు. అడవికి వెళ్లిన కుర్రాళ్ల గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. చైనా పేరు చెప్పి వెళ్లారని, నల్లమలలో పోలీసుల చేతుల్లో పోయారని, ఆ తుపాకుల మధ్య ఊళ్లవాళ్లు కూడా నలిగిపోయారని విన్నాను. అంతవరకూ చెప్పాను. లిన్ గారు వెనక్కి తిరిగి ఆ స్తూపం వైపు మళ్లీ చూశారు. తర్వాత, "మా పేరు చెప్పి ఇంత దూరంలో కూడానా" అన్నారు.

పిడుగురాళ్లలో బస్సు పది నిమిషాలు ఆగింది. సున్నం బట్టీల తెల్లని దుమ్ము చెట్ల ఆకుల మీద కూడా ఉంది. ఇక్కడి టీ బాగుంటుంది, నిలబడే తాగాలి. గురజాల వైపు తిరిగాక దారికి రెండు పక్కలా మిర్చి కల్లాలు మొదలయ్యాయి. ఎండబోసిన కాయతో నేల ఎర్రటి దుప్పటి కప్పుకున్నట్టు కనిపించింది. లిన్ గారు ఫోను తీసి ఫొటోలు తీయడం మొదలుపెట్టి, గురజాల వచ్చేసరికి అది కూడా మానేసి ఊరికే చూస్తూ కూర్చున్నారు.

రెంటచింతలలో దిగేసరికి పదకొండు. ఇక్కడ ఫిబ్రవరిలోనే ఎండ మండిపోతుంది. ఈ వైపు వచ్చేవాళ్లు టోపీ, నీళ్ల సీసా మరిచిపోకూడదు. శ్రీను ఆటో తీసుకొచ్చాడు. నేరుగా చేలోకి వెళ్లాం. లిన్ గారు నల్లమట్టి పిడికిట్లో పట్టి చూశారు, రంగు తప్పిన తాలుకాయ ఎలా ఏరుతున్నారో చూశారు, మందుల డబ్బాల మీద పేర్లు రాసుకున్నారు. మా పని ఆ గంటలో అయిపోయింది. నిజానికి అక్కడినుంచి మాచర్ల వెళ్లిపోవచ్చు. శ్రీను ఒప్పుకోలేదు. "నాయన పొద్దున్నించి వాకిట్లోనే కూచోనుండాడు. అన్నం తినకుండా పోతే నన్ను ఇంట్లోకి రానీడు."

శ్రీను వాళ్ల నాన్న చెన్నకేశవులు గారికి ఎనభై దాటాయి. ఊళ్లో అందరూ కేశవులు గారంటారు. ఉతికి ఇస్త్రీ చేసిన పంచె, చొక్కా, మెళ్లో ఎర్రకండువా. లిన్ గారు నేర్చుకున్న పద్ధతిలో రెండు చేతులూ జోడించారు. ఆయన మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి పిడికిలి పైకెత్తారు. "ఇలాంటి దండం నేను పాత సినిమాల్లోనే చూశాను" అని లిన్ గారు నా చెవిలో అన్నారు.

అన్నం పెట్టింది అంజమ్మ గారు. కేశవులు గారి తమ్ముడు కోటయ్య భార్య ఆమె. డెబ్భై దాటిన మనిషి, వేగంగా నడుస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. పెళ్లయిన ఏడాదికే కోటయ్య అడవికి వెళ్లి మళ్లీ రాలేదని శ్రీను దారిలోనే చెప్పాడు. ఊరి నడుమ ఉన్న స్తూపం మీద మొదటి పేరు అతనిదే. పప్పు, గోంగూర, పండుమిర్చి పచ్చడి, గడ్డపెరుగు. పచ్చడి కలుపుకుని లిన్ గారు ముక్కు తుడుచుకుంటూ తింటుంటే అంజమ్మ గారు మొదటిసారి నవ్వారు.

కేశవులు గారు తినలేదు. ఎదురుగా కూర్చుని నన్ను తొందర పెడుతున్నారు. "మీ కమ్యూన్‌లో ఎన్ని కుటుంబాలుండేయో అడుగమ్మా."

"ఆ ఉమ్మడి సేద్యపు కమ్యూన్లు నేను బడికి వెళ్లే రోజుల్లోనే తీసేశారు" అన్నారు లిన్ గారు. "భూమి మళ్లీ ఇంటింటికీ ఇచ్చారు. ఆ తర్వాతే మా ఇంట్లో కడుపు నిండా తిన్నాం."

ఆయన తల ఊపారు. "తెలుసులే. తరవాత దారి మార్చారు. నేనడిగేది ముందు సంగతి. మీ దేశాన్ని నడిపిన ఛైర్మన్ ఉన్నప్పటి సంగతి." అని తనే చెప్పడం మొదలుపెట్టారు.

"అప్పటికి మాకు కాలవ రాలా. వానొస్తే జొన్న, సజ్జ. లేకపోతే పస్తు. వరన్నం పండగలకే. అప్పుడు నాకు పదిహేను, పదహారేళ్లు. ఊరి చివర పార్టీ పాక ఉండేది. చైనా బొమ్మల పుస్తకం వచ్చేది, నున్నటి కాయితం. దాంట్లో ఒక బొమ్మ చూశానమ్మా. వరి చేను. ఆ కంకుల మీద నలుగురు పిల్లలు నిలబడుండారు. కంకి వంగలా! కింద నేల కనపళ్లా! అంత ఒత్తుగా పండింది. నేలంతా అందరిదీ అయితే ఇట్టా పండుద్దని పాకలో చదివి చెప్పారు. మిగతావోళ్లు చూసి వదిలేశారు. నేను మాత్రం రోజూ పోయి ఆ బొమ్మ చూసేవోణ్ణి. ఆఖరికి పాకవోళ్లు ఆ పుస్తకం నాకే ఇచ్చేశారు."

నేను ఇంగ్లీషులో చెబుతుంటే లిన్ గారు ముద్ద కలపడం ఆపేశారు.

"తరవాత కాలవ నీళ్లొచ్చినయి" అన్నారు కేశవులు గారు. "మా చేలో మొట్టమొదటి వరి నేనే నాటించా. చైనా పద్ధతని బొమ్మలో ఉన్నట్టు వేలు దూరకుండా నాటించా. మా నాయన మొత్తుకున్నాడు, ఇన్లా. గాలి ఆడక మొత్తం కుళ్లిపోయింది. ఊరంతా నవ్వారు. మా కోటయ్య ఒక్కడే నవ్వలా. అప్పుడు బళ్లో చదువుతుండాడు. వాడేమన్నాడో తెలుసా? తప్పు పద్ధతిది కాదన్నా, మనం ఒక్కళ్లమే చేశాం కాబట్టి పండలా, ఊరంతా ఉమ్మడిగా చేస్తే పండుద్ది అన్నాడు. నేనూ అదే అనుకున్నా. ఊరంతా ఉమ్మడి కావాలంటే ఏం చెయ్యాలో తరవాత అడివిలో తుపాకులు పట్టిన పార్టీవోళ్లు వాడికి చెప్పారు. వాడు పోయాడు."

వంటింటి గుమ్మంలో అంజమ్మ గారు పెరుగు గిన్నెతో అలాగే నిలబడి ఉన్నారు.

"ఆ పుస్తకం ఉందా ఇప్పుడు?" అని లిన్ గారు అడిగారు.

"యాడిదమ్మా. కోటయ్య కోసం పోలీసులొచ్చి ఇల్లు సోదా చేసేటప్పుడు మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది. పోతే పోయింది, ఇదిగో ఇక్కడుంది" అని ఆయన తన నుదురు చూపించుకున్నారు.

"ఆ పిల్లలు నవ్వుతున్నారా?"

"నవ్వుతుండారు."

లిన్ గారు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నారు. ఆమె నెమ్మదిగా, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పారు. నేను మధ్యలో ఆపకుండా విన్నాను.

వాళ్ల అమ్మగారి ఊరు హెనాన్‌లో దక్షిణాన, వరి పండే వైపు. వాళ్ల తాత సెంటు భూమి లేని కూలీ. కొత్త ప్రభుత్వం రాగానే ఆయనకు భూమి ఇచ్చారు. ఆ రాత్రి ఆయన గట్టు మీదే పడుకున్నాడట. కొద్ది ఏళ్లకే ఆ భూమి కమ్యూన్‌లో కలిపేశారు. ఇళ్లలో వంట ఆపి అందరికీ ఒకే వంటశాల పెట్టారు. ఉక్కు చేస్తామని ఇంటింటి బాణళ్లూ కొలిమిలో వేశారు. ఒత్తుగా నాటితే ఎక్కువ పండుతుందని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఏ ఊరు ఎంత పండించిందో పోటీలు. ఒక రోజు ఫొటో తీసేవాళ్లు వస్తున్నారని, నాలుగైదు చేలలో కోతకు వచ్చిన వరిని వేళ్లతో సహా పెకలించి తెచ్చి ఒకే మడిలో కిక్కిరిసి నిలబెట్టారు. లోపల ఒక బల్ల పెట్టి, కంకులతో కప్పి, దాని మీద పిల్లల్ని నిలబెట్టారు. తేలికగా ఉంటాడని లిన్ గారి మేనమామను ఎంచారు. ఆయనకు తొమ్మిదేళ్లు.

"మా అమ్మకు ఆరేళ్లు. అందరూ చప్పట్లు కొట్టారట. అన్న అంత ఎత్తున నిలబడ్డాడని అమ్మకు చాలా గర్వంగా అనిపించిందట. ఆ ఫొటోలో ఎంత పంట కనిపించిందో ఆ లెక్కన ప్రభుత్వం వాళ్లు ధాన్యం తీసుకెళ్లారు. చలికాలం వచ్చేసరికి వంటశాలలో వేడినీళ్లే మిగిలాయి. చెట్ల బెరడు తిన్నారు. తాత పోయాడు, అవ్వ పోయింది. వసంతం రాకముందే మామయ్య పోయాడు. అమ్మను పక్క జిల్లా బంధువులు తీసుకెళ్లారు కాబట్టి నేను ఉన్నాను. ఈయన చూసింది మా ఊరి ఫొటో కాకపోవచ్చు. అలాంటివి చాలా తీశారు. కానీ అన్నిట్లోనూ కింద బల్ల ఉంది."

ఆమె ఆపారు. కేశవులు గారు ముందుకు వంగి నా ముఖమే చూస్తున్నారు, ఏదో మంచి మాట వినబోతున్నట్టు. "ఇది చెప్పనా?" అని లిన్ గారిని ఇంగ్లీషులో అడిగాను. "నా మాట నేను చెప్పాను. ఆయనకు చెప్పాలో వద్దో మీకే తెలియాలి" అన్నారు.

ఎనభై దాటిన మనిషి. ఎంగిలి చేత్తో ఆయన ఇంట్లోనే కూర్చుని ఉన్నాను. అప్పట్లో పంటలు బాగానే ఉండేవట అని ఒక్క ముక్క అనేసి లేచిపోవచ్చు.

"ఏందమ్మా ఆగిపోయావ్?" అని గుమ్మంలోంచి అంజమ్మ గారి గొంతు వినిపించింది. "ఆ పిల్ల అంతసేపు చెప్పిందిగా. ఉన్నదున్నట్టు చెప్పు. ఈ ఇంట్లో చెప్పని మాటలు చానా ఉండయి, ఇంకోటొద్దు."

చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. బల్ల దగ్గరికి వచ్చేసరికి కేశవులు గారు కళ్లు మూసుకున్నారు. చివరిదాకా విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న రైతు ప్రశ్న.

"వేళ్లతో పీకితే పైరు వాలిపోద్ది కదమ్మా. ఎట్టా నిలిచింది?"

"కంకి అప్పటికే పండి ఉంది. ఫొటో తీసిన రెండు మూడు రోజులే నిలిచిందట. తర్వాత కుళ్లిపోయింది."

"కుళ్లిపోయిందా?" అన్నారాయన. కాసేపటికి, "మాదీ అట్టానే కుళ్లింది" అన్నారు. ఎర్రకండువా తీసి ముఖం తుడుచుకుని, "కోటయ్య ఉంటే వాడికి చెప్పాల్సిన మాట ఇది" అన్నారు. అంజమ్మ గారు లోపలికి వెళ్లిపోయారు. శ్రీను నేల చూస్తూ నిలబడ్డాడు.

మేం బయల్దేరేటప్పుడు కేశవులు గారు ఆటో దాకా వచ్చారు. "ఆ పిల్లోడి పేరేంది?"

లిన్ గారికి తెలియదు. ఇంట్లో అమ్మ ఎప్పుడూ అన్న అనే అంటుంది తప్ప పేరు పలకదట.

మాచర్లలో బస్టాండు దగ్గరే లాడ్జీలు ఉన్నాయి. గది చూసుకుని తీసుకోవడం మంచిది. విదేశీయులంటే మాత్రం పాస్‌పోర్టు కాపీ తీసుకుని పోలీస్ స్టేషన్‌కు తెలియజేయాలి. మా లాడ్జీ ఆయన దానికి కాస్త విసుక్కున్నాడు, తర్వాత తనే వెళ్లి వేడివేడి పుల్కాలు తెప్పించాడు. చీకటిపడక ముందు చెన్నకేశవస్వామి గుడికి వెళ్లివచ్చాం. లిన్ గారు గుళ్లో ఎక్కువసేపు కూర్చున్నారు. ఆమె ఏదీ చూస్తున్నట్టు అనిపించలేదు. "నేను పొరపాటు చేశానా?" అని ఒక్కసారి అడిగారు. "ఆ దేశమే నన్ను చదివించింది, ఉద్యోగమిచ్చింది. మా అమ్మకు ఇప్పుడు పింఛను వస్తుంది. అదీ చెప్పాల్సింది. ఆయన అడగలేదు, నాకు గుర్తురాలేదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే గుంటూరు ప్యాసింజరు. మాచర్లలోనే బయల్దేరే బండి కాబట్టి సీట్లు దొరుకుతాయి. ప్లాట్‌ఫారం మీద శ్రీను, అంజమ్మ గారు నిలబడి ఉన్నారు. ఇంత పొద్దున బైకు మీద అంత దూరం ఎందుకొచ్చారు పెద్దమ్మా అంటే, పండుమిర్చి పచ్చడి సీసా లిన్ గారి చేతికిచ్చారు.

"కేశవులు గారు ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"నిన్న మీరు పోయినాక స్తూపం కాడికి పోయి కూచున్నాడు. శ్రీను పిలిచినా రాలా. పొద్దు గూకేటప్పుడు నేను పోయా. ఇన్నేళ్లల్లో మా బావ నా మొహం చూసి మాట్లాడింది లేదు. ఏమన్నా శ్రీను అమ్మతో చెప్పించేవోడు, ఆమె పోయినాక శ్రీనుతో. నిన్న మాట్లాడాడు. అంజమ్మా, వాడు అడివికి పోతానంటే నేను వద్దనలా, బియ్యం మూట కట్టిచ్చి పంపా అన్నాడు. నాకు తెలుసులే బావా, ఆ మూట కట్టింది నేనేగా అన్నా."

"అన్నం తిన్నారా?"

"రెండు ముద్దలు తిన్నాడు." ఆమె లిన్ గారి వైపు చూసి, "నువ్వేం బాధపడమాకమ్మా. నా మొగుడు నిజం కోసమే పోయాడనుకున్నా తిరిగి రాలా. అబద్ధమని ఇప్పుడు తెలిసినా తిరిగి రాడు. కాకపోతే ఒకటే. ఎవరూ చెప్పకపాయె అప్పుడు. మీ అమ్మ లాంటోళ్లు ఒక్కళ్లన్నా వచ్చి చెప్పి ఉంటే..." అని ఆగిపోయారు. నేను అది ఇంగ్లీషులో చెప్పేలోపే రైలు కూత వేసింది, గబగబా ఎక్కాం. కదులుతున్న బండిలోంచి లిన్ గారు ఆమె చెయ్యి పట్టుకుని వదిలారు.

రెంటచింతల దాటాక లిన్ గారు వాళ్ల అమ్మకు ఫోన్ చేశారు. చైనాలో అప్పటికి బాగా పొద్దెక్కి ఉంటుంది. చాలాసేపు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. మధ్యలో లిన్ గారు ఫోను చెవికి దూరంగా పెట్టి నన్ను అడిగారు. "ఆ పుస్తకం నిజంగా కాలిపోయిందా? ఎక్కడైనా ఒక్క కాగితం మిగిలిందేమో అడుగుతోంది. మామయ్యకు ఇంకే ఫొటో లేదు. జీవితంలో ఆయన్ని ఫొటో తీసింది ఆ ఒక్కసారే. అది ఏ పుస్తకంలో వేశారో, అసలు వేశారో లేదో మా వాళ్లెవరికీ తెలియదు."

శ్రీనుకు ఫోన్ చేశాను. అప్పటికి వాళ్లు ఇల్లు చేరారు. కేశవులు గారు తీసుకున్నారు. పుస్తకం లేదని మళ్లీ చెప్పి, "అయినా ఆ నలుగురూ నాకు గుర్తే. అడగమ్మా, చెప్తా" అన్నారు.

అలా ఆ ప్యాసింజరు బండిలో రెండు ఫోన్లు స్పీకర్లో పెట్టుకుని కూర్చున్నాం. కేశవులు గారు తెలుగులో చెప్పేది నేను ఇంగ్లీషులో చెబుతుంటే, లిన్ గారు వాళ్ల అమ్మకు చెప్పేవారు. ఎదురు సీటులో కూర్చున్న ఒక పత్తి వ్యాపారి తన ఫోన్లో పాటలు ఆపేశాడు.

"ఎడం పక్క చివర ఆడపిల్ల. రెండు జడలు, పూల చొక్కా. దాని పక్కన మగపిల్లోడు, చెయ్యి పైకెత్తుండాడు. మూడోది చిన్నపిల్ల, అది పక్కోడి చొక్కా పట్టుకోనుంది. ఆఖరోడు మగపిల్లోడే, వాడు కిందికి చూస్తుండాడు. అందరికీ బుగ్గలు నిండుగా ఉండయి. ఎంత తింటే ఇట్టుంటారో అనుకునేవోణ్ణి."

అవతలినుంచి ముసలామె గొంతు వినిపించింది. లిన్ గారు విని చెప్పారు. "బుగ్గలు నిండుగా ఉంటే మా ఊరి పిల్లలు కాదట. మామయ్య అప్పటికే బక్కగా ఉన్నాడు. ఆయన పేరు కూడా చెప్పింది. రాయి అని పిలిచేవాళ్లట. ముందు పుట్టినవాళ్లు పోయారని, ఈయనైనా గట్టిగా నిలవాలని."

నేను చెప్పగానే కేశవులు గారు, "మా కాడ పిల్లోడు దక్కాలని పుల్లయ్యని పెట్టినట్టు" అన్నారు. మళ్లీ తనే, "నేను ఆ బొమ్మ ఊరంతా చూపించి తిరిగా. నా మీద కోపంగా ఉందేమో అడుగమ్మా ఆమెని" అన్నారు.

లిన్ గారు అడిగారు. ఆమె జవాబు పొడుగ్గా వచ్చింది. "కోపమెందుకు? మా ఊరి ఫొటో అబద్ధమని మాకు తెలుసు, మా నాన్నే ఆ వరి మోశాడు. కానీ పక్క ఊరి ఫొటో చూసినప్పుడు, అక్కడ నిజంగానే పండిందనుకున్నాం. మా ఊరి వాళ్లకే చేతకాలేదని సిగ్గుపడ్డాం. అంత దూరంలో ఉన్నాయన నమ్మితే తప్పేముంది."

అది కేశవులు గారికి తెలుగులో చెప్పాను. ఫోన్లో కోళ్ల అరుపు, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించాయి.

గురజాల దాటాం. నడికుడి వచ్చింది. నేను ఆ రెండు రోజుల్లో తిరిగిన దూరం చాలా తక్కువ. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దారే. ఇన్నేళ్లుగా ఆ ఊళ్ల నుంచి వచ్చిన కాయను పరీక్షించాను, ఆ ఊళ్ల పేర్లు టిక్కీల మీద చదివాను. ఆ స్తూపాల మీద పేర్లు మాత్రం ఒక్కసారీ బస్సు దిగి చదవలేదు. అక్కడ పక్క ఊరిని నమ్మారు, ఇక్కడ పక్క దేశాన్ని నమ్మారు. రెండు చోట్లా నమ్మినవాళ్లు ఆకలి తెలిసినవాళ్లే. ఆకలి లేని రోజు ఒకటి ఉంటుందని ఎవరో బొమ్మ తీసి చూపిస్తే కాదనుకోవడం వాళ్లకు ఎలా సాధ్యమవుతుంది? బొమ్మ తీసినవాళ్లెవరూ ఆ తర్వాత ఆ ఇళ్లకు రాలేదు.

లిన్ గారు ఫోను ఇంకా పట్టుకునే ఉన్నారు. అవతలినుంచి వాళ్ల అమ్మ ఏదో అడిగింది. లిన్ గారు మళ్లీ అడిగించుకుని, నా వైపు తిరిగారు.

"మామయ్య ఆ నలుగురిలో లేడని అమ్మకు తెలుసట, అయినా ఆ పిల్లల గురించి ఇంకోసారి చెప్పమంటోంది."

కేశవులు గారికి చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, ఎడం పక్క చివర ఆడపిల్ల దగ్గరినుంచి మళ్లీ మొదలుపెట్టారు.